ఉన్న లెన్స్‌కే మరో చూపు: రేనాక్స్ డీసీఆర్-250

క్లోజప్ ఫొటోగ్రఫీ మీద మక్కువ పెంచుకున్న ఔత్సాహికులలో చాలామంది మొదట ఆ ఉద్దేశంతో కెమెరా పట్టినవారు కారు. ప్రయాణాల కోసమో, పిల్లల కోసమో, పక్షుల కోసమో కెమెరా కొనుక్కుని, ఎప్పుడో ఒకసారి ఆకు మీది పురుగును తీసి, ఆ ఫొటోను తెర మీద పెద్దది చేసి చూసుకున్నప్పుడు, మామూలు కంటికి ఎన్నడూ ఆనని వెంట్రుకలూ, కళ్లూ, రెక్కల మీది పొలుసులూ కనబడటంతో అటువైపు మళ్లినవారే వీరిలో ఎక్కువ. ఆ కుతూహలం పుట్టగానే ఒక అడ్డంకి కూడా ఎదురవుతుంది. మామూలు లెన్స్ ఒక హద్దు దాటి దగ్గరి వస్తువును ఫోకస్ చేయలేదు, అతి దగ్గరి వస్తువులను తీయడానికే చేసిన మాక్రో లెన్స్ కొందామంటే ఈ ఇష్టం నిలుస్తుందో లేదో తెలియకముందే పెద్ద ఖర్చుకు సిద్ధపడాలి. ఈ దశలో ఉన్నవారికి పనికివచ్చే పరికరాలలో నాకు అన్నిటికన్నా నచ్చినది జపాన్‌కు చెందిన రేనాక్స్ సంస్థ తయారుచేసే డీసీఆర్-250.

ఇది విడిగా ఫొటో తీసే లెన్స్ కాదు. మన దగ్గర ఇప్పటికే ఉన్న లెన్స్ ముందు తగిలించుకునే క్లోజప్ లెన్స్. కళ్లద్దాల పవరును చెప్పే కొలమానంలోనే దీని శక్తి 8 డయాప్టర్లు. దీనితోపాటు వచ్చే స్ప్రింగు క్లిప్పు 52 నుంచి 67 మిల్లీమీటర్ల వరకు ఫిల్టర్ మర (ముందు అంచున ఫిల్టర్ బిగించే మర) ఉన్న ఏ లెన్స్‌కైనా క్షణంలో పట్టుకుంటుంది కనుక, కెమెరా ఏ సంస్థదన్న ప్రశ్నే రాదు. లెన్స్ మార్చడానికి వీలులేని పొడవాటి జూమ్ కెమెరాలు ఉన్నవారికి కూడా ముందుభాగంలో ఆ కొలత మర ఉంటే ఇది సరిపోతుంది. నిజానికి వాటి చిన్న సెన్సర్ వల్ల ఫోకస్‌లో ఉండే లోతు కాస్త ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి, అది వారికి కలిసివచ్చే విషయమే.

క్లోజప్ ఫిల్టర్ల పేరుతో దొరికే ఒంటి అద్దాలను వాడినవారికి వాటి లోపం తెలిసే ఉంటుంది. అంచులలో స్పష్టత కరిగిపోతుంది, వెలుగు చీకట్లు కలిసేచోట ఊదా, ఆకుపచ్చ చారలు కనబడతాయి. వేర్వేరు రంగుల కాంతి ఒకే అద్దం గుండా వెళ్లినప్పుడు వేర్వేరు దూరాలలో కేంద్రీకృతం కావడమే దీనికి కారణం. డీసీఆర్-250లో మూడు అద్దాలను రెండు జట్లుగా అమర్చి ఆ రంగుల తేడాను చాలావరకు సరిదిద్దారు. తూనీగ రెక్కలోని ఈనెలను వెలుతురుకు ఎదురుగా పెట్టి తీసినా వాటి అంచులు శుభ్రంగా నిలబడటం ఈ అమరిక వల్లనే సాధ్యమవుతున్నది. నా దృష్టిలో ఈ పరికరానికి ఇదే అసలైన విలువ.

దీని పనితీరు వెనుక ఉన్న లెక్క తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఏ లెన్స్‌కు తగిలిస్తే ఫలితం ఉంటుందో ఆ లెక్కే చెబుతుంది. అసలు లెన్స్‌ను అనంత దూరానికి ఫోకస్ చేసి ఉంచినప్పుడు, డీసీఆర్-250కు సుమారు 125 మిల్లీమీటర్ల ముందున్న వస్తువు స్పష్టంగా కనబడుతుంది. అసలు లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెను) ఆ 125తో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్, అంటే సెన్సర్ మీద పడే బింబం అసలు వస్తువుకు ఎన్ని రెట్లు ఉంటుందన్న లెక్క. అంటే 100 మిల్లీమీటర్ల దగ్గర 0.8 రెట్లు, 200 దగ్గర 1.6 రెట్లు, 250 దగ్గర సరిగ్గా 2 రెట్లు. మాక్రో లెన్స్‌లలో అత్యధికం ఒక రెట్టు దగ్గరే ఆగిపోతాయన్నది గుర్తుంచుకుంటే, మూలన పడి ఉన్న సాధారణ టెలీ జూమ్ ఎంత దూరం వెళ్లగలదో అర్థమవుతుంది. సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పుండే ఏపీఎస్-సీ రకం సెన్సర్ మీద 2 రెట్లంటే ఫ్రేము మొత్తం వెడల్పులో పట్టేది సుమారు 12 మిల్లీమీటర్ల స్థలం. అరంగుళానికి కూడా చేరని ఆ చోటులో ఒక చీమ సగం ఫ్రేమును ఆక్రమిస్తుంది.

ఈ లెక్కలోనే మరొక సౌకర్యం దాగి ఉంది. జూమ్ తిప్పినా వస్తువుకు ఉండవలసిన దూరం దాదాపు మారదు. 100 మిల్లీమీటర్ల దగ్గర విశాలంగా చూస్తూ కొమ్మ మీద గెంతే సాలీడును వెతికి పట్టుకుని, ఫోకస్ కుదిరాక కదలకుండా నిలబడి జూమ్‌ను 250కి తిప్పితే, అదే సాలీడు ముందువరుసలోని పెద్ద కళ్లతో సహా ఫ్రేమును నింపుతుంది. మాక్రో లెన్స్‌తో మాగ్నిఫికేషన్ పెంచాలంటే పురుగుకు మరింత దగ్గరగా జరగక తప్పదు, జరిగేకొద్దీ అది ఎగిరిపోయే అవకాశం పెరుగుతుంది. కొత్తగా ఈ విద్యలోకి వచ్చినవారికి అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఫ్రేములో పురుగే దొరకకపోవడం కాబట్టి, ఈ ఒక్క సౌకర్యం కోసమైనా తొలి పరికరంగా నేను దీనినే సూచిస్తాను.

కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలైన ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో పోల్చినప్పుడు కూడా ఎంపిక ఇలాగే తేలుతుంది. ట్యూబులలో అద్దం ఉండదు కనుక నాణ్యత తగ్గదనే మాట కొంతవరకు నిజమే కానీ, 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఒక రెట్టు సాధించడానికి 50 మిల్లీమీటర్ల ట్యూబు చాలితే, 200 మిల్లీమీటర్ల లెన్స్‌కు అదే ఫలితం కోసం 200 మిల్లీమీటర్ల ట్యూబు కావాలి. పైగా ట్యూబు పెరిగేకొద్దీ సెన్సర్‌కు చేరే వెలుతురు తగ్గుతుంది, క్లోజప్ లెన్స్‌తో ఆ నష్టం ఉండదు. పొట్టి లెన్స్ మాత్రమే ఉన్నవారికి ట్యూబులు, పొడవాటి జూమ్ ఉన్నవారికి క్లోజప్ లెన్స్ అనుకోవచ్చు.

పరిమితులు లేకపోలేదు, అవి చిన్నవీ కావు. ఇది తగిలించి ఉన్నంతసేపూ దూరపు వస్తువు ఏదీ ఫోకస్ కాదు, కాబట్టి పువ్వు నుంచి పక్షికి మళ్లాలంటే తీసి జేబులో వేసుకోవలసిందే. ముందుభాగం చిన్నది కావడం వల్ల జూమ్‌ను వెడల్పు వైపు తిప్పినప్పుడు ఫ్రేము మూలలు నల్లబడతాయి. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ మీద ఇది పెద్దగా తృప్తినివ్వదు, ఎందుకంటే పై లెక్క ప్రకారం 55 దగ్గర కూడా మాగ్నిఫికేషన్ అర రెట్టుకు చేరదు. ఇక క్లిప్పు స్ప్రింగు బిగువు మీద ఆధారపడినది. పొదలలో వంగి తిరిగేవారు దాన్ని పక్కనపెట్టి, డీసీఆర్-250కు ఉన్న 43 మిల్లీమీటర్ల మరకు సరిపోయే స్టెప్ రింగుతో (వేర్వేరు కొలతల మరలను కలిపే రింగుతో) లెన్స్‌కు బిగించుకోవడం మేలు.

అన్నిటికన్నా కష్టపెట్టేది డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫోకస్‌లో స్పష్టంగా ఉండే లోతు. ఇది ఈ పరికరం లోపమేమీ కాదు, ఇంత దగ్గరి ఫొటోగ్రఫీ స్వభావమే అంత. రెండు రెట్ల దగ్గర అపర్చర్‌ను (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11కు మూసినా స్పష్టంగా ఉండే లోతు సుమారుగా మిల్లీమీటరులో పదో వంతు. అపర్చర్‌ను ఇంకా మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది. ఆటోఫోకస్‌ను ఆపివేసి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదుపుతూ, కన్ను స్పష్టమైన క్షణంలో మీట నొక్కడం ఇక్కడి పద్ధతి. పురుగు దేహం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేటట్లు మనం తిరిగి నిలబడితే ఉన్న కొద్దిపాటి లోతే చాలా దూరం పనికివస్తుంది. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది కనుక, వెలుగును మెత్తబరిచే తెల్లటి పలుచని డిఫ్యూజర్ వెనుక నుంచి తక్కువ శక్తితో ఫ్లాష్ వేస్తే, అతి స్వల్పకాలం మెరిసే ఆ వెలుగే కదలికను పట్టి ఆపుతుంది. ఉదయపు చల్లదనంలో కీటకాలు మందకొడిగా ఉంటాయి, అప్పుడు వెళితే వాటిని బెదిరించకుండానే పని జరుగుతుంది. కదలకుండా ఉంచడానికి పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి తీసేవారున్నారు. అలా తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా నేను దానిని మెచ్చుకోలేను.

అమెరికాలోని వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ 1885లో మైక్రోస్కోపును బెలోస్ కెమెరాకు (మడతల గొట్టం ఉన్న పాతకాలపు కెమెరాకు) జతచేసి ఒక్క మంచు స్ఫటికాన్ని ఫొటో తీశారు. 1931లో మరణించేనాటికి అటువంటి ఫొటోలు 5000కు పైగా తీశారు. ఆయన ఎక్కడా ఫొటోగ్రఫీ చదువుకోలేదు. ఉన్న కెమెరాకు మరో అద్దాన్ని జోడించి, అరచేతిలో కరిగిపోయే వస్తువును చూడగలగడమే ఆయనను జీవితాంతం ఆ పనిలో నిలిపింది. ఈనాటి ఔత్సాహికుడు ఆకు వెనుక పేనుబంకను మొదటిసారి నిండు ఫ్రేములో చూసినప్పుడు పొందే ఆనందం కూడా ఆ జాతిదే, దానికి డీసీఆర్-250 దారి చాలా దగ్గర చేస్తుంది.

కొనేముందు ఇదే సంస్థవారి డీసీఆర్-150ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. దాని శక్తి 4.8 డయాప్టర్లు, వస్తువుకు ఉండే దూరం సుమారు 208 మిల్లీమీటర్లు. సీతాకోకచిలుకలు, పువ్వులు, పెద్ద తూనీగల మీద ఆసక్తి ఉండి 200 మిల్లీమీటర్లు దాటే జూమ్ ఉన్నవారికి అదే అనువైనది, ఫోకస్ కుదుర్చుకోవడం కూడా తేలిక. చీమలు, చిన్న సాలీళ్లు, రెక్కల పొలుసుల దాకా వెళ్లాలనుకునేవారు మాత్రం 250నే తీసుకోవాలి. 300 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నవారు మొదటి వారాలలో జూమ్‌ను 150 దాటనివ్వకుండా చేయి కుదిరించుకుని, ఆ తర్వాత ముందుకు వెళ్లడం మంచిది.