లారీకి నావిగేటర్: ఎంతవరకు నమ్మొచ్చు?

పెద్ద బండికి దారి చూపే సాధనాలు మూడు రకాలు. ఫోన్‌లో ఉచితంగా వచ్చే గూగుల్ మ్యాప్స్ లాంటివి ఒకటి. అదే ఫోన్‌లో చందా కట్టి వాడుకునే సైజిక్ ట్రక్ లాంటి లారీ యాప్‌లు రెండోది. గార్మిన్ డెజిల్ లాంటి విడి పరికరాలు మూడోది. మూడింటినీ ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, బండి ఎక్కడుందో చెప్పడంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. అన్నీ అవే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటాయి. అసలు తేడా దారి వెతికే ముందు బండి కొలతలు అడుగుతుందా లేదా అన్నచోటే. అడిగే పరికరం కొన్నా, సరైన కొలతలు ఇవ్వకపోతే మన చేతిలో ఉన్నది ఖరీదైన కారు నావిగేటరే.

గూగుల్ మ్యాప్స్‌లో లారీ ఎత్తు, బరువు, పొడవు నమోదు చేసే చోటు లేదు. అది కారుకు దారి వెతుకుతుంది. 4.2 మీటర్ల ఎత్తున్న బండిని 3.8 మీటర్ల రైలు వంతెన కిందికి పంపినా దాని లెక్క ప్రకారం తప్పేమీ లేదు. అలాగని తీసి పారేయనక్కర్లేదు. ముందున్న ట్రాఫిక్ జామ్ చెప్పడంలో, ఉపగ్రహ చిత్రంలో ఫ్యాక్టరీ గేటు వెతుక్కోవడంలో దాన్ని మించింది లేదు. మాకు కుదిరిన పద్ధతి ఇది: దారి చెప్పేది లారీ పరికరం, ట్రాఫిక్ చెప్పేది ఫోన్. రెండూ వేర్వేరు దారులు చూపిస్తే లారీ పరికరం మాటే వినాలి. ఫోన్ పదిహేను నిమిషాలు మిగులుతాయని ఆశపెట్టిన అడ్డదారిలోకి, ఆ దారి ముందే తెలిసి ఉంటే తప్ప, దిగకూడదు.

ఇక కొలతలు. పనంతా ఇక్కడే ఉంది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. రిజిస్ట్రేషన్ కాగితం మీదున్న ఎత్తు చూసి కొట్టేస్తే సరిపోదు. బండిని చదునైన నేల మీద నిలపాలి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ప్రయాణంలో ఉండే ఎత్తుకే ఉంచాలి. అప్పుడు నిలువు కర్ర, దాని మీద అడ్డంగా తిన్నని పట్టీ పెట్టి, అన్నిటికంటే పైనున్న చోటు నుంచి కొలవాలి. పైనున్నది ఎప్పుడూ బాడీయే కాదు. క్యాబిన్ మీది ఏసీ యూనిట్, గాలిమళ్లింపు రేకు, నిలువు సైలెన్సర్ గొట్టం, యాంటెనా, టార్పాలిన్ కింది కమాన్లు, ఏదైనా కావచ్చు. వచ్చిన కొలతకు పది సెంటీమీటర్లు కలిపి నమోదు చేయాలి. టార్పాలిన్ గాలికి ఉబ్బినా, గతుకులో బండి ఎగిరినా ఆ పది సెంటీమీటర్లే కాపాడతాయి.

ఖాళీ బండి లోడు బండి కంటే ఎత్తుగా ఉంటుంది. స్ప్రింగు పట్టీలున్న బండ్లలో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. లోడుతో వెళ్లినప్పుడు అంగుళం సందుతో దాటిన వంతెన, అన్‌లోడు చేసి తిరిగొచ్చేటప్పుడు తగలొచ్చు. అందుకే కొలత ఖాళీ బండిదే ఉండాలి. సరుకు బాడీ మీదికి లేచి ఉంటే మాత్రం ఆ రోజు మళ్లీ కొలవాల్సిందే. కంటైనర్లు లాగేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మామూలు కంటైనర్ ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు, హై క్యూబ్‌ది 9 అడుగుల 6 అంగుళాలు. ట్రెయిలర్ అదే, డ్రైవర్ అదే, పెట్టె మారిందంటే ఎత్తులో ముప్ఫై సెంటీమీటర్ల తేడా. పరికరంలో ఈ రెంటికీ వేర్వేరు ప్రొఫైళ్లు చేసి, 'ట్రక్ 1', 'ట్రక్ 2' అని కాకుండా 'హై క్యూబ్', 'మామూలు', 'ఖాళీ' అని పేర్లు పెట్టుకుంటే తెల్లవారుజామున నిద్రమత్తులో కూడా తప్పు పడదు.

అడుగులు, అంగుళాల దగ్గర జరిగే తప్పు చిన్నగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. 12 అడుగుల 11 అంగుళాలను 12.11 అని కొడితే పరికరం దాన్ని దశాంశంగా తీసుకోవచ్చు. అసలు ఎత్తు 3.94 మీటర్లు, పరికరం అనుకునేది 3.69 మీటర్లు. పాతిక సెంటీమీటర్లు మాయం! యూనిట్లు మీటర్లకు మార్చి, మీటర్లలోనే కొట్టడం క్షేమం. బరువులోనూ ఇలాంటిదే ఒకటుంది: అమెరికా టన్ను 907 కిలోలు, మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. బరువు అడిగిన చోట సరుకు బరువు కాదు, బండితో కలిపి మొత్తం బరువు ఇవ్వాలి. ఒక్కో ఇరుసు మీద పడే బరువు విడిగా అడిగితే అదీ ఇవ్వాలి, పాత వంతెనల మీద చాలాసార్లు ఆంక్ష దానిమీదే ఉంటుంది. ప్రమాదకర సరుకు వేసుకున్న రోజున ఆ గడి టిక్ చేయడం మరిచిపోతే పరికరం నేరుగా సొరంగంలోకే తీసుకెళ్తుంది. యూరప్‌లో ప్రమాదకర సరుకుల రవాణాకు వర్తించే ఏడీఆర్ నిబంధనల కింద సొరంగాలను 'A' నుంచి 'E' వరకు వర్గాలుగా విడదీశారు. లోడు వర్గం చెప్పకపోతే పరికరానికి తెలిసే దారి లేదు.

ఇంత చేసినా పరికరానికి తెలిసేది మ్యాప్‌లో ఎవరో నమోదు చేసిన ఎత్తు మాత్రమే. ఆ తర్వాత రోడ్డు మీద కొత్త తారు పొర వేస్తే వంతెన కింద సందు తగ్గుతుంది. కమాను వంతెనైతే రాసిన ఎత్తు నడిమధ్యన దొరుకుతుంది, అంచున దొరకదు. వంతెన దగ్గర బోర్డు ఒకటి, పరికరం ఒకటి చెబితే బోర్డుదే చివరి మాట. బోర్డు ఉన్నా చూడనివాళ్ల సంగతి అమెరికాలోని డర్హం పట్టణపు రైలు వంతెన చెబుతుంది. 11 అడుగుల 8 అంగుళాల ఎత్తుతో ఎన్నో లారీల పైకప్పులు ఒలిచేసిన ఆ వంతెనను 2019లో 8 అంగుళాలు పైకి లేపారు. హెచ్చరిక దీపాలు పెట్టినా, ఎత్తు పెంచినా, ఆ తర్వాత కూడా లారీలు గుద్దుకుంటూనే ఉన్నాయి.

దారి ఎంపిక సెట్టింగుల్లో 'అతి దగ్గర దారి' అన్నది లారీకి ఎప్పుడూ వద్దు. రెండు కిలోమీటర్లు మిగిల్చడానికి ఊళ్ల సందుల్లో తిప్పుతుంది. 'అతి తక్కువ సమయం' పెట్టి, మట్టి రోడ్లు, యూ టర్నులు వద్దని చెప్పాలి. దారిలో తనంతట తాను దారి మార్చే సౌకర్యాన్ని 'అడిగాకే మార్చు' అన్న దానికి తిప్పాలి. ఈ ఒక్క సెట్టింగు మార్చకపోవడం వల్లే మంచి హైవే మీద పోతున్న బండి ఉన్నట్టుండి సర్వీసు రోడ్డులోకి దిగుతుంది.

బయలుదేరే ముందు దారి మొత్తాన్ని తెర మీద ఒకసారి దగ్గరగా పెట్టి జరుపుకుంటూ చూడాలి. అంతటికీ సమయం లేకపోతే హైవే దిగిన దగ్గర్నుంచి గేటు వరకైనా చూడాలి. బండ్లు ఇరుక్కునేది ఎక్కువగా ఆ ఆఖరి రెండు కిలోమీటర్లలోనే. చిరునామా కొడితే చాలా మ్యాపులు ఆవరణ మధ్యలోనో, ఆఫీసు ముందరో పిన్ పెడతాయి. సరుకు గేటు వెనక రోడ్డులో ఉండొచ్చు. సరుకు దింపుకునే వాళ్లకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి: లారీ గేటు ఏ రోడ్డు వైపు, ఈ పొడవు బండి తిరగడానికి చోటుందా, పెద్ద బండ్లకు నో ఎంట్రీ వేళలేమిటి. నో ఎంట్రీ వేళలు లారీ యాప్‌లలో కూడా అరకొరగానే ఉంటాయి. గేటు లొకేషన్ అంకెల్లో పంపమంటే ఇంకా మేలు. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే దాదాపు 11 మీటర్ల లోపు చూపుతుంది, ఐదుంటే దాదాపు మీటరు లోపు. రెండంకెలే పంపితే అది కిలోమీటరు దాకా అటూ ఇటూ. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. తారుమారైతే పిన్ ఏ సముద్రంలోనో పడుతుంది, అది నయం, వెంటనే తెలిసిపోతుంది.

పరికరం మనకు నచ్చిన రోడ్డు మీదుగా వెళ్లడం లేదనుకోండి, మధ్య మజిలీ పెట్టి బలవంతాన తీసుకురావచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. విభజిత హైవే మీద మజిలీ పెట్టేటప్పుడు మన దిశలో పోయే వైపే పిన్ పడాలి. ఎదురు వైపు పడిందంటే, ఆ బిందువును తాకించడానికి ముందుకు తీసుకెళ్లి, వెనక్కి తిప్పి, మళ్లీ యూ టర్ను కొట్టిస్తుంది. తెరను బాగా పెద్దది చేసుకుని, కూడలికి దూరంగా, తిన్నని రోడ్డు మీద పిన్ పెడితే ఈ బాధ ఉండదు.

నడిపేటప్పుడు వచ్చే తికమకలకు కారణం తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. ఉదాహరణకు బండి ఆగి ఉన్నప్పుడు జీపీఎస్‌కు స్థలం తెలుస్తుంది కానీ ముఖం ఎటుందో తెలియదు. బండి కదిలాకే దిశ తేలుతుంది. అందుకే యార్డు నుంచి బయలుదేరగానే వచ్చే మొదటి 'ఎడమకు తిరగండి' మాట నమ్మదగింది కాదు. ఏ గేటు నుంచి ఎటు తిరగాలో ముందే చూసుకుని ఉండాలి. ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ చూపే స్థలం సుమారు 5 మీటర్ల లోపు సరిగ్గా ఉంటుంది. ఎత్తు లెక్కలో పొరపాటు ఇంతకన్నా ఎక్కువ. కాబట్టి ఫ్లైఓవర్ మీదున్నామా, దాని కింద సర్వీసు రోడ్డులో ఉన్నామా అన్నది దానికి తరచూ తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అన్నది బోర్డు చూసి తేల్చుకోవాలి, బాణం చూసి కాదు. ఎత్తయిన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరతాయి. బాణం పక్క వీధిలోకి దూకేది అందుకే.

మలుపు తప్పిపోతే పరికరం వెంటనే 'తర్వాతి ఎడమకు' అంటుంది. ఆ ఎడమ ఎంత వెడల్పుందో, దాని చివర ట్రెయిలర్ తిరుగుతుందో లేదో తెలియకుండా లోపలికి పోవద్దు. తప్పిన దారిలోనే పెద్ద రోడ్డు పట్టుకుని, బండి నిలపగలిగే చోటు వచ్చేదాకా పోయి, ఆపి, మళ్లీ లెక్క వేయించాలి. ఆరు కిలోమీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. ఇరుకు సందులో రివర్సు తీయడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

చేరే సమయం విషయంలో కారు యాప్‌ను నమ్మి పార్టీకి మాట ఇవ్వకూడదు. 450 కిలోమీటర్లను అది గంటకు 90 చొప్పున 5 గంటలంటే, నిండు లోడుతో సగటున 50 పడే బండికి 9 గంటలు పడుతుంది. విరామాలు దానికి అదనం. లారీ పరికరంలో గరిష్ఠ వేగం గడి ఉంటుంది, అందులో మన బండి నిజంగా పోయే వేగం వేస్తే లెక్క చాలావరకు దారికొస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం ఏ పరికరం లెక్కా నిలవదు. యూరప్‌లో నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కు 45 నిమిషాల విరామం తప్పనిసరి. అలాంటి నిబంధన ఉన్నచోట దాన్ని పరికరంలో పెట్టుకోవాలి, లేదా చేత్తో కలుపుకోవాలి.

సామాను సంగతి. పెద్ద లారీల్లో కరెంటు సాధారణంగా 24 వోల్టులు. 12 వోల్టుల కారు ఛార్జర్ తగిలిస్తే కాలిపోతుంది. 12/24 అని రాసి ఉన్నదే కొనాలి. పరికరం ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను, ఆ తర్వాతే పరికరాన్ని. అదురుకు కేబుల్ మొన వదులవుతుంది. ఇంకో కేబుల్ క్యాబిన్‌లో ఉండాలి. స్టాండును వైపర్ తుడిచే చోటుకు, అద్దాల్లోకి చూసే చూపుకు అడ్డం రాకుండా కింది మూలన బిగించాలి. ఎండకు రబ్బరు కప్పు ఊడిపోతుంది. అద్దాన్ని, కప్పును పొడిగా తుడిచి అంటిస్తే ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎండలో ఫోన్ వేడెక్కితే తెర వెలుగు తగ్గించుకుని, ఛార్జింగ్ కూడా ఆపేస్తుంది. ఏసీ గాలి తగిలే చోట పెడితే ఈ బెడద తగ్గుతుంది. విడి పరికరాన్ని కొన్ని నెలలు కట్టిపెట్టి మళ్లీ తీస్తే, ఆకాశం కనిపించే చోట కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచాలి. ఉపగ్రహాల జాబితా మొత్తం అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్ ఆ జాబితాను నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి త్వరగా దొరకబుచ్చుకుంటుంది.

యజమానికి బండి జాడ కనబడకుండా, జీపీఎస్ సంకేతాలను అడ్డుకునే జామర్ పెట్టుకునేవాళ్లున్నారు. అది మన నావిగేటర్‌నే కాదు, చుట్టుపక్కల ఉన్నవాటినీ చెడగొడుతుంది. అమెరికాలో న్యూవార్క్ విమానాశ్రయం పక్కనుంచి జామర్‌తో వెళ్లిన ఒక డ్రైవర్‌కు 2013లో 31,875 డాలర్ల జరిమానా పడింది.

సెకండ్ హ్యాండ్ పరికరం కొనేటట్టయితే ఆన్ చేసి, ఉపగ్రహాలు దొరికాక తేదీ చూడండి. జీపీఎస్ తేదీని వారాల్లో లెక్కపెడుతుంది, ఆ లెక్క 1,024కు చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అలా 2019 ఏప్రిల్ 6న తిరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చని కొన్ని పాత పరికరాలు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోయాయి. తేదీ తప్పు చూపిస్తే చేరే సమయం కూడా చెడుతుంది. తేదీ సరిగ్గా ఉంటే మ్యాపులు ఇంకా వస్తున్నాయో లేదో, వచ్చే మ్యాపు సైజుకు దాని మెమరీ చాలుతుందో లేదో చూశాకే డబ్బు చేతికివ్వండి.