క్యాష్ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేయాలంటే ఏది మేలు?

మా అక్క కొడుకు కాజీపేట నుంచి ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకొని వచ్చాడు. "మామా, గిది ఆన్ అయ్యేలోపు చాయ్ పెట్టుకొని తాగి రావచ్చు. జర విండోస్ కొత్తగ ఎయ్యి" అన్నాడు. అది 2013లో నేను కొన్నదే. ఇంటెల్ మూడో తరం ఐ5 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్ డిస్క్, దానికి తోడు వేలెడంత 24 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డ్రైవ్) కార్డు. ఆ కార్డు క్యాష్ కోసమని చెబితే, "క్యాష్ అంటే పైసలా?" అని నవ్వాడు. పైసలు కాదు గానీ, పైసలు మిగిల్చడానికి పెట్టిందే.

అప్పట్లో ఎస్ఎస్‌డీలు బాగా ఖరీదు. అందుకని కంపెనీలు పెద్ద హార్డ్ డిస్క్ పెట్టి, పక్కన 24, 32 జీబీల చిన్న ఎస్ఎస్‌డీ తగిలించేవి. వంటింట్లో బియ్యం బస్తా లోపలి గదిలో ఉంటుంది, పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది కదా, అదే లెక్క. మాటిమాటికీ వాడే ఫైళ్ల నకలు ఆ చిన్న డ్రైవ్‌లో ఉంటుంది. ఇంటెల్ 2011లో స్మార్ట్ రెస్పాన్స్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. క్యాష్‌గా 64 జీబీ వరకే వాడుకుంటుంది.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌కి మూడు దారులు: క్యాష్‌ను అలాగే ఉంచి విండోస్ వేయడం, ఆ చిన్న డ్రైవ్ మీదే ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించడం, లేదా రెండింటినీ పక్కన పెట్టి కొత్త ఎస్ఎస్‌డీ వేయడం. ఏ దారైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను.

పాత విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి యాక్సిలరేషన్, అంటే ఈ క్యాష్ పని, ఆపేయాలి. ఆ తర్వాతే మిగతా ఏదైనా. ఎందుకంటే ఈ క్యాష్ రెండు రకాలుగా పనిచేస్తుంది. ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌లో రాసిన ప్రతిదీ హార్డ్ డిస్క్‌లోకీ అప్పుడే వెళ్తుంది. మ్యాక్సిమైజ్డ్ మోడ్‌లో ముందు చిన్న డ్రైవ్‌లో రాసి, హార్డ్ డిస్క్‌కి తర్వాత తీరిగ్గా పంపుతుంది. కిరాణా కొట్టాయన ఉద్దెరను చిట్టీ మీద రాసుకొని, రాత్రికి ఖాతాలో ఎక్కించుకున్నట్టు. మధ్యలో చిట్టీ పోతే ఖాతా తప్పుతుంది. కొన్నేళ్ల కిందట నేను దుమ్ము దులుపుదామని మూత విప్పి, ఏమీ ఆపకుండానే ఆ కార్డు పీకేశాను. విండోస్ లేవలేదు. కార్డు మళ్లీ పెట్టినా కొన్ని ఫొటోలు తెరుచుకోలేదు. అందులో బతుకమ్మ ఫొటోలు ఉన్నాయని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. కాబట్టి యాక్సిలరేషన్ ఆపడం, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయడం, ఈ రెండూ అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

ఇక మొదటి దారి. క్యాష్ ఉంచి విండోస్ వేయడానికి ఖర్చు లేదు, పని మాత్రం ఎక్కువ. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్‌లో) సాటా మోడ్, అంటే డిస్క్‌లు ఎలా నడవాలో చెప్పే సెట్టింగ్, రెయిడ్‌లో ఉండాలి, అదీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టక ముందే. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించకపోతే ఇంటెల్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించాలి. విండోస్ ఎక్కాక ఇంటెల్ సాఫ్ట్‌వేర్ వేసి, అందులో యాక్సిలరేషన్ మళ్లీ ఆన్ చేయాలి. ఇది చేయకుండా వదిలేసినవాళ్లే ఎక్కువ. వాళ్ల చిన్న డ్రైవ్ ఉత్తగా కూర్చొని ఉంటుంది, వాళ్లేమో "కొత్తగా వేసినా స్లోనే" అంటారు. అన్నీ సరిగ్గా చేసినా, రోజూ తెరిచే ప్రోగ్రాములు మెరుగుపడతాయి తప్ప, మొదటిసారి తెరిచేది, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు జరిగేది అంతా పాత హార్డ్ డిస్క్ వేగమే. గుడ్డిలో మెల్ల.

రెండో దారి వినడానికి తెలివిగా ఉంటుంది: ఎస్ఎస్‌డీ ఎలాగూ ఉంది కదా, విండోస్ దాని మీదే వేస్తే పోలా? కుదరదు. 2019 మే నాటి వెర్షన్ నుంచి విండోస్ 10కి కనీసం 32 జీబీ కావాలి. 24 చాలదు, 32లో పట్టినా మొదటి పెద్ద అప్‌డేట్‌కే ఊపిరాడదు. లైనక్స్ (ఉచితంగా దొరికే ఇంకో ఓఎస్) అయితే వేరే మాట. అందులో ఒక రకమైన లైనక్స్ మింట్‌కి కనీసం 20 జీబీ చాలు. సిస్టమ్‌ను చిన్న డ్రైవ్‌లో, హోమ్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లో పెడితే ఎంచక్కా నడుస్తుంది. అప్పుడు సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి (క్యాష్ లేకుండా డిస్క్‌లు విడివిడిగా నడిచే మామూలు మోడ్) మార్చాలి. ఆ డ్రైవ్‌లో నాలుగో ఎనిమిదో జీబీల పార్టిషన్ కనిపిస్తే టెన్షన్ వద్దు, చాలా అల్ట్రాబుక్‌లలో నిద్ర నుంచి త్వరగా లేపడానికి కంపెనీవాళ్లు ఉంచిన జాగా అది. తీసేయొచ్చు. సీ, పైథాన్ నేర్చుకునే డిప్లొమా పిల్లలకు ఇది నిజంగా బాగుంటుంది. కానీ మావాడు ఒప్పుకోలేదు. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ ఉంది, తనకూ అదే కావాలట.

దాంతో మూడో దారి పట్టాం. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ ఒకటి కొని హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టాం. ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌కి నా ఓటు దీనికే, రెండో ఆలోచన లేదు. సన్నని ల్యాప్‌టాప్‌లలో 7 మిల్లీమీటర్ల మందం మాత్రమే పడుతుంది, ఎస్ఎస్‌డీలు చాలావరకు ఆ మందంలోనే వస్తాయి. క్యాష్ కార్డు తీసేశాం. అది తీయడానికి ఒక కారణం ఉంది: రెండు డ్రైవ్‌లు ఉంటే విండోస్ ఒక్కోసారి బూట్ ఫైళ్లను చిన్నదాంట్లో పెడుతుంది. అన్నీ బాగానే నడుస్తాయి, ఆ పాత కార్డు చచ్చిన రోజు కొత్త ఎస్ఎస్‌డీ దిట్టంగా ఉన్నా ల్యాప్‌టాప్ లేవదు. మోడ్ ఏహెచ్‌సీఐలో పెట్టి, పెన్‌డ్రైవ్‌తో ఖాళీ డిస్క్ మీద విండోస్ 10 వేశాం. విండోస్ 8తో వచ్చిన మెషీన్ కాబట్టి పాత కీ బయోస్‌లోనే ఉంది. పైగా ఇంతకుముందే విండోస్ 10 యాక్టివేట్ అయి ఉండటంతో, నెట్ తగలగానే మళ్లీ యాక్టివేట్ అయింది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మూడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా లేదు, దానికి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే బ్యాంకు పనులు దాంట్లో చేయొద్దని వాడికి గట్టిగా చెప్పాను. కొత్త ఎస్ఎస్‌డీలో సగం జాగా లైనక్స్‌కి వదిలిపెట్టాను, ఎప్పుడో ఒకనాడు మనసు మార్చుకుంటాడని.

మీది 2017 తర్వాతి ల్యాప్‌టాప్ అయి, అందులో 16 జీబీ ఆప్టేన్ (ఇలాగే క్యాష్‌గా పనిచేసే ఇంటెల్ కార్డు) ఉంటే లెక్క ఇంకొంచెం మారుతుంది. ముందు ఆప్టేన్‌ను డిజేబుల్ చేయడం తప్పదు. తర్వాత ఆ కార్డు ఉన్న ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (సాటా కంటే వేగమైన రకం) పడుతుందేమో మాన్యువల్‌లో చూడండి. పడితే హార్డ్ డిస్క్‌ను కదపకుండానే పని అయిపోతుంది. ఇంటెల్ 2022లో ఆప్టేన్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది, దాని మీద ఇంకా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇంతా చెప్పి, మా బావ మెషీన్‌ని మాత్రం మొదటి దారిలోనే వదిలేశాను. హనుమకొండలో డీటీపీ సెంటర్ ఆయనది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లి కార్డులు. పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిచేవి ఆ రెండు ప్రోగ్రాములే కాబట్టి, క్యాష్ నిజంగానే ఆయనకు అక్కరకొస్తుంది. నెట్ కనెక్షన్ పెట్టుకోలేదు. ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌లో పెట్టి, రోజూ సాయంత్రం ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకొమ్మన్నాను. ఎస్ఎస్‌డీ ఎప్పుడు కొంటావు బావా అంటే, "ముహూర్తాలు అయిపోనీ" అన్నాడు. పోయిన ముహూర్తాలప్పుడూ ఇదే మాట.