ఈతకొలను చుట్టూ ఫ్లేమ్ ఫినిష్ గ్రానైట్: రెండు వానాకాలాల తరువాత

మొయినాబాద్ దగ్గర మా తోటలో ఈతకొలను కట్టించినప్పుడు, కాంట్రాక్టరు మాట విని చుట్టూ నున్నటి విట్రిఫైడ్ టైల్స్ వేయించాము. మనవడికి తువ్వాలు అందించబోయిన మా అమ్మ ఆ తడినేల మీద జారిపడి మణికట్టు విరిగింది. ఆ టైల్స్ అన్నీ తీయించి, వాటి స్థానంలో బూడిదరంగు గ్రానైట్‌ను ఫ్లేమ్ ఫినిష్‌లో వేయించాము.

ఈ ఫినిష్‌లో రాయి పైభాగాన్ని మంటతో ఒక్కసారిగా వేడిచేస్తారు. అందులోని క్వార్ట్జ్ పలుకులు వ్యాకోచించి పైపొర సన్నని పెచ్చులుగా ఊడిపోతుంది కనుక, మిగిలే గరుకుతనం రాయిదే తప్ప పైన పూసినది కాదు. తాండూరు బండ చవకే గాని, అది సున్నపురాయి. యాసిడ్ తగిలితే కరుగుతుంది. మా దగ్గర నేల కడిగేవారికి యాసిడ్ అలవాటు పోదు కాబట్టి దాన్ని వదులుకున్నాము.

కొనేముందు మూడు నమూనా ముక్కలు ఇంటికి తెచ్చి, నీళ్లు పోసి, ఆపైన కాస్త కొబ్బరినూనె రాసి, చెప్పులు లేకుండా నిలబడి చూశాను. పాలిష్ రాయి నీళ్లకే జారింది, లెదర్ ఫినిష్ (తోలులా కాస్త ఎగుడుదిగుడుగా, మెత్తని మెరుపుతో ఉండే రాయి) నూనెకు జారింది, ఫ్లేమ్ ఫినిష్ మాత్రం పాదాన్ని పట్టి నిలిపింది. షాపులో పొడిరాయిని చేత్తో తడిమి చూసి ఎంచుకోవద్దని అందరికీ గట్టిగా చెబుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం నీళ్లు చల్లనిదే కాలు మోపలేము. నల్లరాయి అయితే ఇంకా కాలేది. పరుగెత్తి పడిన పిల్లలకు మోకాళ్లు దోక్కుపోతాయి.

అన్నిటికంటే పెద్ద పని పాచి. గరుకురాయి సందుల్లో మట్టి నిలిచి, వానలు మొదలైన పది రోజులకే వేపచెట్టు వైపు నేల పచ్చబడుతుంది. పాచి పట్టిన ఫ్లేమ్ ఫినిష్ పాలిష్ రాయి కంటే నయమేమీ కాదు. వారానికొకసారి నైలాన్ బ్రష్‌తో రుద్దించి, పాచి ఉన్నచోట పలుచని బ్లీచింగ్ నీళ్లు పోయించి కడిగిస్తాము. ఇనుప బ్రష్ వాడితే దాని పొడి తుప్పుపట్టి మరకలు పడతాయి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది కనుక, ఆ రెండు డబ్బాలను ఒకేచోట ఉంచనివ్వను.

నేల వాలు కొలను నుంచి బయటి కాలువ వైపు, మీటరుకు 2 సెంటీమీటర్లు పెట్టించాము. మేస్త్రీ ఒక మూలలో వాలు తప్పాడు. పాచి ఏటా మొదట అక్కడే పడుతుంది. కొలను అంచురాయికీ నేలకూ మధ్య సందును సిమెంటుతో పూడ్చకుండా సాగే సీలెంటుతో నింపించాము. అది ఎండకు ఒకచోట విడిచింది, నీరు అడుగుకు దిగకముందే, ఈ వానలకు ముందు మార్పించాలి.