పోయిన అకౌంట్ తెచ్చిస్తామనే 'రికవరీ' వాళ్లకు డబ్బు కట్టకండి

హ్యాకైన వాట్సాప్ అయినా, మెయిల్ అయినా, డబ్బిస్తే తిరిగి తెప్పిస్తామనేవాళ్లను నమ్మకండి. నేను నమ్మాను. మొదటి దొంగ నా వాట్సాప్ ఒక్కటే పట్టుకుపోయాడు. దాన్ని తెచ్చిస్తానని వచ్చినవాడు మూడు విడతల్లో ఫీజు వసూలు చేసి, నా మెయిల్‌నూ దాంతోపాటు ఇంకో రెండు ఖాతాలనూ పట్టుకుపోయాడు.

మొదటిది ఎలా పోయిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పాత స్నేహితురాలి నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది: "పొరపాటున నా కోడ్ నీ నంబర్‌కి వచ్చింది, కాస్త పంపవా?" చూస్తే నిజంగానే ఎస్ఎంఎస్‌లో 6 అంకెలు ఉన్నాయి. ఎవరికీ చెప్పొద్దని కూడా అందులోనే ఉంది. చదివి మరీ పంపాను. అడిగింది తనే కదా అనుకున్నాను. తన ఖాతా అప్పటికే పోయిందని, తన పేరుతో రాస్తున్నది వేరే ఎవరో అని నాకు తట్టలేదు. ఆ కోడ్ నాదే. వాడు తన ఫోన్‌లో నా నంబర్ కొట్టాడు, నంబర్ నాది కాబట్టి కోడ్ నాకొచ్చింది, దాన్ని నేనే తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పగలగొడతారని అనుకుంటాం గానీ, నా విషయంలో హ్యాకింగ్ అంటే ఇంతే.

కాసేపటికే నా ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయింది. నా పేరుతో అందరికీ "అర్జెంటు, డబ్బు పంపండి" అని మెసేజ్‌లు. ఆ టెన్షన్‌లో ఇంకో తప్పు చేశాను. నా అకౌంట్ పోయింది, ఎవరైనా సాయం చేయండి అని అందరికీ కనబడేలా పోస్ట్ పెట్టాను. నిమిషాల్లో జవాబులు వచ్చిపడ్డాయి. "నాదీ ఇలాగే పోతే ఫలానా ఆయన గంటలో తెచ్చిచ్చారు, ఆయనకు మెసేజ్ పెట్టండి." ఒకే మాట నాలుగు పేర్లతో ఉంది. ఆ పేర్లన్నీ కొత్తగా తెరిచిన ఖాతాలేనని తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది. అప్పుడు చూసే ఓపిక ఎవరికి ఉంది!

ఆ 'ఎక్స్‌పర్ట్' మాట తీరు చాలా మర్యాదగా ఉంది. నల్లటి స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు, మధ్యలో నా ఫోన్ నంబర్ ఉన్న ఫోటో పంపి, "మీ ఖాతా సర్వర్‌లో దొరికింది" అన్నాడు. అలాంటి బొమ్మ ఎవరైనా రెండు నిమిషాల్లో తయారు చేయొచ్చు. టూల్ లైసెన్స్ అని ఒకసారి, సెక్యూరిటీ లాక్ తీయాలని ఇంకోసారి డబ్బు కట్టించుకున్నాడు. పని తొంభై శాతం అయిపోయింది, ఇప్పుడు ఆగితే కట్టిందంతా పోతుందని మూడోసారి. మూడోసారి కట్టేటప్పుడు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కట్టిన డబ్బు వదులుకోలేక కట్టాను.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు నష్టం వేరేచోట జరిగింది. రికవరీ లింక్ మెయిల్‌కే వస్తుందని చెప్పి నా మెయిల్ పాస్‌వర్డ్ అడిగాడు, ఇచ్చేశాను. మనం వాడే ఏ ఖాతాలోనైనా పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే లింక్ మెయిల్‌కే కదా వచ్చేది. మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చామంటే ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టే. ఒక షాపింగ్ ఖాతా అలా పోయింది. ఇంకొకటి, మెయిల్‌కీ దానికీ ఒకే పాస్‌వర్డ్ కాబట్టి, ఏ లింకూ అవసరం లేకుండానే పోయింది. ఈ ఒకే పాస్‌వర్డ్ అలవాటు మీకూ ఉంటే, 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి మూడు కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయని గుర్తుంచుకోండి. అవి ఏ మార్పూ లేకుండా, ఉన్నవి ఉన్నట్టుగా దాచినవి. ఇలా ఒకచోట లీకైన మెయిల్, పాస్‌వర్డ్ జతలను వందల సైట్లలో వేసి చూడటానికి ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. మనిషి కూర్చుని కొట్టక్కర్లేదు.

చివరగా ఒక చిన్న ఫైల్ పంపాడు. యాంటీవైరస్ ఆపేసి కంప్యూటర్‌లో నడపమన్నాడు. ఆ మాటతో మెలకువ వచ్చింది, నడపలేదు. అలాంటివి బ్రౌజర్‌లో మనం సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. మనం ఇప్పటికే లాగిన్ అయి ఉన్నామని సైట్‌కి గుర్తు చేసేవి ఆ కుకీలే. అవి చేతికి చిక్కితే పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడగకుండానే లోపలికి పోవచ్చు.

ఇంకో మాట కూడా అన్నాడు: కావాలంటే ఎవరి చాట్‌లైనా సర్వర్ నుంచి తీసిస్తాడట. 2016 నుంచి వాట్సాప్‌లో చాట్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని రూపంలోనే వెళ్తున్నాయి, వాటిని విప్పే తాళం కంపెనీ దగ్గరే ఉండదు. ఇతను సర్వర్‌లోంచి తీసేదేముంది? అయినా ఇలాంటివి కొనేవాళ్లు ఉన్నారు. మోసపోయినా బయటికి చెప్పుకోలేరు, వాడి ధైర్యం అదే.

నా వాట్సాప్ చివరికి ఎలా వచ్చిందంటే, ఉచితంగా. యాప్ తీసేసి మళ్లీ వేసుకుని, నా నంబర్ ఇచ్చి, ఎస్ఎంఎస్‌లో వచ్చిన కోడ్ కొట్టాను. ఆ క్షణమే దొంగ బయటికి పోయాడు. కాకపోతే వాడు మధ్యలో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, అంటే ఎస్ఎంఎస్ కోడ్ తర్వాత అడిగే ఇంకో రహస్య నంబర్ పెట్టాడు. ఆ పిన్ తెలియకపోతే 7 రోజులు ఆగాలి. మనం లోపలికి వెళ్లలేకపోయినా, ఎస్ఎంఎస్ కోడ్ కొట్టగానే వాడూ ఉండడు. ఈ సంగతి తెలిసి ఉంటే ఎవరికీ పైసా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఆ పిన్ నేనే పెట్టుకున్నాను. లింక్డ్ డివైసెస్ కూడా అప్పుడప్పుడు తెరిచి చూస్తున్నాను, ఎందుకంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి పక్కన ఇంకో పరికరం కలిపేసుకుంటే మన ఫోన్‌లో లాగౌట్ కూడా అవ్వదు, చాట్‌లు మాత్రం అక్కడా కనబడుతుంటాయి.

ఇది చదివే సమయానికి అలాంటివాడితో మాట్లాడుతూ ఉన్నవాళ్లు ఉంటే, వాడితో గొడవ పెట్టుకోకుండా ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. వాడు పంపిన ఫైల్ నడిపి ఉంటే ఆ కంప్యూటర్ నుంచి కాకుండా వేరేదాని నుంచి మార్చండి. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కండి. తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ నంబర్ చూడండి. నేను పాస్‌వర్డ్ మార్చి నిశ్చింతగా ఉన్నాను, కానీ నాకొచ్చే ప్రతి మెయిల్ కాపీ ఒకటి వారం పాటు వాడి అడ్రస్‌కి వెళ్తూనే ఉంది. డబ్బు కట్టిన బ్యాంకుకి కూడా వెంటనే ఫోన్ చేయండి, నేను ఆ పని మూడో రోజు చేశాను.