కొండమీద ఊరు, కింద స్టేషను: ఇటలీలో జ్వరంతో తిరిగితే

ఇటలీ కొండ ఊళ్ళలో బస వెతికే మనవాళ్ళు ముందు అడిగేది వ్యూ ఉందా అని. లిఫ్టు ఉందా అని అడగండి. ఏప్రిల్ చివర్లో ఉంబ్రియా, టస్కనీ ప్రాంతాలు తిరుగుతుంటే మా బావగారికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఏ ఊరు రోగిని మోసుకెళ్తుందో, ఏది గుమ్మంలోనే కూలేస్తుందో అప్పుడు తేలింది.

మోసుకెళ్ళేవాటిలో మొదటిది ఓర్వియేతో. స్టేషను బయటికి రాగానే ఎదురుగా ఫ్యునిక్యులర్, అంటే కొండెక్కే తాడు రైలు. 1888లో నీటి బరువుతో నడిచేది, 1990 నుంచి కరెంటు మీద నడుస్తోంది. టికెట్టు మాకు 1.30 యూరోలు పడింది. పైన దిగిన చోటే మినీ బస్సు ఎక్కితే అదే టికెట్టు మీద పెద్ద చర్చి ముందు దింపుతుంది. సూట్‌కేసు ఒక్క మెట్టు కూడా ఎత్తక్కర్లేదు. సాన్ పత్రీత్సియో బావి మాత్రం నీరసంగా ఉన్నవాళ్ళు పైనుంచే చూడాలి. 53 మీటర్ల లోతు, దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి వేరే దారిలో మళ్ళీ 248. నీళ్ళ కంచరగాడిదలు ఎదురుపడకుండా కట్టిన జంట దారులు అవి, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు.

రెండోది పెరూజా. ప్యాత్సా పార్తిజానీ బస్టాండు నుంచి ఎస్కలేటర్లు పూడిపోయిన పాత కోట కడుపులోంచి ఊరి నడిబొడ్డుకి తీసుకెళ్తాయి, పైసా ఖర్చు లేదు. పోప్ మూడో పాల్ 1540ల్లో ఊరివాళ్ళ ఇళ్ళు కూల్చి, ఆ వీధుల మీదే కోట కట్టించాడు. ఎస్కలేటరు పక్కనే ఆ ఇళ్ళ గుమ్మాలు కనబడుతుంటాయి. జ్వరం మనిషి కూడా నిలబడి చూడగలిగింది ఇదొక్కటే. సియెనాలోనూ రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న షాపింగ్ మాల్ లోంచి ఎస్కలేటర్లున్నాయి, కాకపోతే పైకి వచ్చాక ఊరి నడుమనున్న కాంపో చౌకు దాకా ఇంకో కిలోమీటరున్నర నడవాలి.

ఇక మోంతెపుల్చానో. ఊరు అందమే, కాదనను. రైలు దిగేది లోయలో, చ్యూసీలో; అక్కడినుంచి టాక్సీకి 55 యూరోలు. బస రాత్రికి 106 చొప్పున రెండు రాత్రులకి 212, రద్దు చేస్తే ఒక్క యూరో కూడా తిరిగి రాదు. ప్రకటనలో 'మొదటి అంతస్తు' అని ఉంది. పై వీధి నుంచి లెక్కేస్తే నిజమే, టాక్సీ ఆగే కింది వీధి నుంచి మాత్రం అది మూడోది. కొండవాలు ఇళ్ళన్నిటితోనూ ఇదే చిక్కు. ఏ వీధి నుంచి ఎన్ని మెట్లో అంకెతో రాసి పంపమని అడిగి, ఆ జవాబు దాచుకోండి.

లోపల ఇంకా ఘోరం. రాతి గోడలు, బయటికంటే చలి. ఇటలీలో చాలాచోట్ల ఏప్రిల్ 15 తరవాత సెంట్రల్ హీటింగు చట్టప్రకారం ఆపేస్తారు. యజమాని ఇచ్చిన చిన్న రేడియేటరు 1500 వాట్లు, గీజరు 1200. వేన్నీళ్ళకి 2000 వాట్ల కెటిల్ పెట్టగానే కరెంటు పోయింది. అక్కడ మామూలు ఇంటి మీటరు 3 కిలోవాట్లదే. బాగా దాటితే కొద్ది నిమిషాల్లో పడిపోతుంది. మీటరేమో వీధి గుమ్మం దగ్గర. మా అక్క టార్చి పట్టుకుని దిగి వచ్చాక మాట్లాడటం మానేసింది. కెటిల్ పెట్టేముందు రేడియేటరు, గీజరు రెండూ ఆపాలని యజమాని ఒక్క ముక్క చెప్తే పోయేది.

టాయిలెట్ వెనక తెల్ల డబ్బా కనబడితే అది మురుగుని నలిపి సన్న పైపులోకి నెట్టే పంపు. పాత ఇళ్ళలో లావు పైపులు వేసే వీల్లేక ఇది పెడతారు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ మిక్సీ తిరిగినట్టు రొద. తడి టిష్యూ ఒక్కటి పడినా జామ్. విరేచనాల మనిషికి ఇంతకంటే నరకం లేదు. బస మార్చుకుంటాం, రెండో రాత్రి డబ్బులో సగమైనా ఇమ్మంటే, 'రూల్స్ చదువుకోలేదా' అన్నాడు యజమాని. పైగా పర్యాటకులకి వేసే ఊరి పన్ను నగదుగా గుమ్మంలోనే వసూలు చేసుకున్నాడు.

ఆకుపచ్చ ప్లస్సు గుర్తున్న మందుల షాపులు మాత్రం బంగారం. జ్వరమెంత, ఎన్నిసార్లు వెళ్ళారు, రక్తం పడిందా అని అడిగి మరీ ఇస్తారు. పారాసెటమాల్‌ని తకిపిరీనా అంటే చాలు. 500 మిల్లీగ్రాములది చీటీ లేకుండా దొరుకుతుంది, 1000ది దొరకదు. యాంటీబయాటిక్‌కి అక్కడి డాక్టరు చీటీ కావాలి, మన ఊరి చీటీ చెల్లదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చాలా షాపులు మూడు నాలుగు గంటలదాకా మూతే. తెరిచి ఉన్న షాపు పేరు తలుపుమీద అంటిస్తారు. ఎలక్ట్రాల్ పొట్లాలు ఇంటినుంచే పట్టుకెళ్ళండి, పెద్ద పొట్లమైతే ఒక్కోటి లీటరు నీళ్ళకి. జ్వరంతో విరేచనాలుంటే, వాటిని ఆపే లోపెరమైడ్ మాత్ర వేసుకోకండి.

రాత్రిళ్ళూ, శని ఆదివారాలూ, ఏప్రిల్ 25, మే 1 లాంటి సెలవుల్లో ఫ్యామిలీ డాక్టర్లు ఉండరు. వాళ్ళ బదులు 'గ్వార్దియా మెదికా' ఉంటుంది, టస్కనీలో 116117కి ఫోన్ చేయాలి. ప్రాణం మీదకి వస్తే 112. చిన్న జబ్బుతో ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోతే గంటల తరబడి కూర్చోబెడతారు. మేం ప్రైవేటు డాక్టర్ని బసకే పిలిచాం, 120 యూరోలు.

తిండికి మాత్రం భయం లేదు. మెనూలో లేకపోయినా ఏ హోటల్లో అడిగినా 'రీజో ఇన్ బియాంకో' చేస్తారు, అంటే ఉత్త తెల్లన్నం. కడుపు బాగోకపోతే వాళ్ళూ అదే తింటారు. మామూలుగా వెన్నో చీజో కలిపి తెస్తారు కాబట్టి రెండూ వద్దని ముందే చెప్పాలి. మాకు 6 యూరోలు తీసుకున్నారు, మనిషికి 2 యూరోల కోపెర్తో, అంటే బల్ల దగ్గర కూర్చున్నందుకు రుసుము, వేరే. సూపర్‌మార్కెట్లో చక్కెర లేని తెల్ల పెరుగు కొని కలిపితే పెరుగన్నం. మూడు పూటల తర్వాత బావగారు మొదటిసారి ఉప్పు తక్కువైందన్నారు. అక్క మొహం తేటపడింది.

ఇటలీకి తీసుకునే షెంగెన్ వీసాకి 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్సు తప్పనిసరి కాబట్టి అందరి దగ్గరా ఉంటుంది. అయితే చాలా పాలసీల్లో బయటి వైద్యానికి మొదటి 50 లేదా 100 డాలర్లు మనమే భరించాలి; ఇంటికొచ్చిన డాక్టరు ఫీజులో చాలాభాగం అక్కడే కొట్టుకుపోతుంది. కొనేటప్పుడు ఆ ఒక్క లైను చూసుకోండి. ఆసుపత్రిలో చేరేముందు పాలసీ మీదున్న నంబరుకి ఫోన్ చేయండి. డాక్టరు రాసిన కాగితం, ఫీజు రసీదు, మందుల బిల్లు మూడూ కలిపి దాచండి. మందుల బిల్లు వేడికి అచ్చయ్యే కాగితం, త్వరగా వెలిసిపోతుంది, అప్పుడే ఫొటో తీసుకోవాలి.

చివితా ది బాన్యోరెజ్జో అనే కొండ ఊరికి రోగం తగ్గని మనిషితో వద్దు. 5 యూరోలు కట్టి 300 మీటర్ల వంతెన నడవాలి, చివర్లో నిట్టనిలువు, వాహనం ఏదీ లేదు. ఓర్వియేతో నుంచి బస్సు ఆదివారాలు నడవదు. సాన్ జిమిన్యానోకి రైలు లేదు, పొజ్జిబోన్సీలో దిగి 130 నంబరు బస్సు పట్టుకోవాలి. పగటిపూట వెళ్ళొచ్చేయండి, రాత్రికి ఓర్వియేతోలోనో పెరూజాలోనో లిఫ్టున్న హోటల్లో పడుకోండి.