కోనసీమలో అమ్మకానికున్న మండువా లోగిలి: చూసొచ్చాక నా మాట

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో మండువా లోగిలి అమ్మకానికుందంటే ఆషాఢంలో వెళ్లి చూసొచ్చాం. నేను బ్యాంకులో ఇళ్ల లోన్ల కాగితాలు చూసి చూసి రిటైరైనదాన్ని. అందుకే మా ఆయన ఇల్లు చూస్తారు, నేను దస్తావేజులు చూస్తాను. కలప చూడ్డానికి రావులపాలెం నుంచి ఒక వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకెళ్లాం. పాత ఇంటికి అతని కూలీ దండగ కాదు.

బ్రోకరు గుమ్మంలోనే మొదలెట్టాడు. "1865 నాటి ఇల్లండి, పెంకు మీదే రాసుందండి, ఆయ్." జారిపడ్డ పెంకు తిరగేస్తే బాసెల్ మిషన్ ముద్ర, దాంతోపాటు 1865. అది మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, ఇల్లు కట్టింది కాదు. కాగితాల్లో ఈ ఇల్లు మొదట కనిపించేది 1928లో. మాకు అదే ఎక్కువ. కానీ 63 ఏళ్లు ఉత్తినే కలిపినవాడు సెంట్లెలా కొలిచాడోనని టేపు పట్టించాను. 28 అన్నది 26న్నర తేలింది.

ఇంటికి మాత్రం వంక పెట్టలేను. వీధి అరుగు, సావిడి, దాటితే నాలుగు పక్కలా వసారాలు, మధ్యలో పైకప్పు లేని మండువా. ఎనిమిది బర్మా టేకు స్తంభాలు, ఒక్కోటీ ఒకే మాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో పండిన వరి డబ్బు ఎటు పోయిందంటే ఇదిగో, ఇలా దూలాల్లోకి పోయింది.

మేస్త్రి స్క్రూడ్రైవరుతో స్తంభాల మొదళ్లు పొడిచి చూశాడు. ఏడు గట్టిగా ఉన్నాయి. ఈశాన్యం మూలది గుల్ల. తల పైకెత్తితే కారణం కనబడింది: మండువా మీద నీలం ఫైబరు రేకు. ఇంట్లో వాన పడకూడదని ఎవరో కప్పించారట. వాన పడాలనే కదండీ అది కట్టింది! నాలుగు వాలుల నీళ్లూ అక్కడ పడి తూములోంచి పెరట్లోకి పోతాయి, ఉక్క పైకి పోతుంది. రేకుతో గాలి ఆగింది, చెమ్మ పట్టింది, రేకు అంచు ఆ మూలకే కారి స్తంభం పుచ్చింది.

మేముండగానే జల్లు అందుకుంది. రేకు ఒకచోట విరిగి ఉంది. అక్కడినుంచి నీళ్లు బండల మీద పడి, నేరుగా తూము దారి పట్టాయి. తొంభై ఏళ్లు దాటినా వాటం చెదరలేదు, చుక్క నిలవలేదు. మా ఆయన స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయారు. బేరం ఆడాల్సింది నేనని అప్పుడే అర్థమైంది.

వంటిల్లు చీకటి. బాత్రూము దొడ్డి చివర, మోకాళ్ల నొప్పులవాళ్లకి రాత్రిపూట యాత్రే. చెక్క బద్దీల మీది వైరింగు మొత్తం పీకాలి.

ఇక ధర. సెంటు 4 లక్షలు, వాళ్ల 28 సెంట్ల లెక్కన 1 కోటీ 12 లక్షలు. "మరి ఇంటికెంత?" అన్నాను. "ఇంటికేం లేదండి. కలప విప్పి అమ్ముకుంటే మీకే మిగులుద్దండి." అప్పటికే ఎవరో కలప వ్యాపారి వచ్చి స్తంభాల మీద, ద్వారబంధాల మీద సుద్దతో నంబర్లు వేసి వెళ్లాడు. వీధి గుమ్మం 1 నంబరు.

కాగితాలు ఇంకో కథ. ఇల్లున్న 10 సెంట్లు గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన నేల, పట్టా లేదు. దాని మీద లోను పుట్టడం కష్టం, చేతిలో డబ్బుంటేనే వెళ్లండి. వాటాదారులు ఆరుగురు. న్యూజెర్సీలో ఉన్నాయన తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం, జీపీఏ, ఇంకా రాలేదు. బ్రోకరు బయానా మాత్రం ఆ రోజే అడిగాడు. అలా ఇవ్వకండి.

ఇంటికి అయిదుకి నాలుగు మార్కులు, బేరానికి ఒకటి. ఆరుగురూ సంతకం పెడితే 26న్నర సెంట్లకి డబ్బు కడతామన్నాం. ఈలోగా ఆ రేకు తీయించమని కూడా అడిగాను, ఖర్చు మాదే అన్నాను. బ్రోకరు నవ్వాడు. మూడు వారాలైంది, ఫోను లేదు.