మోకాలి శస్త్రచికిత్స తరువాత మళ్ళీ దూరపు పరుగు: తిరుపతిలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో పద్నాలుగు నెలలు

నిరుడు జనవరిలో షటిల్ ఆడుతూ పైకెగిరి దిగినప్పుడు నా కుడి మోకాలు మెలి తిరిగి, లోపల ఏదో తెగిన శబ్దం నాకే వినిపించింది. ఎమ్మారై తీయిస్తే, మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు పూర్తిగా తెగిందని తేలింది. మార్చిలో శస్త్రచికిత్స చేసి, అదే కాలి తొడ వెనుక భాగం నుంచి తీసిన, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌తో కొత్త లిగమెంటు అమర్చారు. అంతకుముందు ఆరేళ్ళుగా నేను దూరపు పరుగులు పరిగెత్తుతున్నాను. మూడు పూర్తి మారథాన్లు, అంటే ఒక్కొక్కటి 42.195 కిలోమీటర్లు, పూర్తి చేశాను. మామూలుగా నడవగలరు, మెట్లెక్కగలరు అని ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ధైర్యం చెప్పారు. మళ్ళీ నాలుగు గంటలపాటు ఆగకుండా పరిగెత్తగలనా అన్న నా ప్రశ్నకు మాత్రం అది జవాబు కాలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్ళిన కేంద్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. వారి అనుమతి తీసుకోలేదు కనుక పేరు రాయడం లేదు. తిరుపతిలో ఇలాంటి చికిత్స కోసం తిరిగే వారు ఏం చూసుకోవాలో, ఏం అడగాలో తెలిస్తే పేరు లేకపోయినా ప్రయోజనం ఉంటుందని నా నమ్మకం.

కేంద్రం నగరానికి పడమర వైపు ఒక మందుల దుకాణం మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. శస్త్రచికిత్స జరిగిన మూడో వారంలో, చంకల కింద కర్రలతో, కాలికి బ్రేసుతో ఇరవై రెండు మెట్లు ఎక్కవలసి వచ్చింది. కింద కూర్చున్న వాచ్‌మన్ చేయి పట్టుకుని సాయం చేశాడు కానీ, మోకాళ్ళు, నడుము బాగు చేసే చోటుకు చేరడానికే మోకాళ్ళు అవసరం కావడం నాకు చాలా బాధ కలిగించింది. వయసు మళ్ళిన రోగులు ప్రతి పది మెట్లకూ ఆగి గోడ పట్టుకోవడం రోజూ చూశాను. ఈ సమీక్షలో మెచ్చుకునే మాటలు ఎన్ని ఉన్నా, ఈ లోపం మాత్రం చిన్నది కాదు.

మొదటి రోజున ప్రధాన ఫిజియోథెరపిస్టు నా కాలిని బల్ల మీద చాపించి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలు ఎంత చక్కగా తిన్నబడుతుందో కొలిచారు. ఆరు డిగ్రీలు తక్కువ ఉంది. మోకాలు వంగడం గురించి నేను ఆందోళన పడుతుంటే, వంగడం నెమ్మదిగా వస్తుందని, తిన్నబడకపోతే జీవితాంతం కుంటుతారని, ముందు దాని సంగతి చూడాలని ఆవిడ చెప్పారు. రెండో విషయం వాపు. కీలులో నీరు ఉన్నంతకాలం తొడ ముందు కండరానికి నరాల నుంచి వెళ్ళే ఆజ్ఞ తగ్గిపోతుంది. మనం ఎంత గట్టిగా బిగించాలనుకున్నా కండరం పూర్తిగా పలకదు. నా తొడ రెండు వారాలలోనే చిక్కిపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. తొడ కండరాన్ని విద్యుత్ ప్రేరణతో బిగింపజేసే చికిత్స ఆ తొలి వారాలలో నిజంగా పనిచేసింది. ఏడో వారానికి మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగడంతో కదలని సైకిలు తొక్కడానికి అనుమతి దొరికింది. శ్వాస, గుండె దమ్ము పూర్తిగా పోకుండా కాపాడింది ఆ సైకిలే.

పదో వారంలో నొప్పి దాదాపు పోయింది. మెట్లు ఎక్కుతున్నాను, బండి నడుపుతున్నాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో కనీసం పది కిలోమీటర్ల పరుగుకైనా పేరు నమోదు చేసుకోవాలని నిశ్చయించుకుని, ఫోనులో ఫారం తెరిచి ఆవిడకు చూపించాను. ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. ‘‘సార్, మీకు నొప్పి పోయింది గానీ లిగమెంటు ఇంకా తయారు కాలేదు. ఇప్పుడు అది ఉన్నదాంట్లో బలహీనంగా ఉండే కాలం’’ అన్నారు. నాటిన టెండన్ మొదట్లో ప్రాణం లేని తాడులాంటిదని, దానిలోకి కొత్త రక్తనాళాలు చేరి, పాత కణాల చోట కొత్తవి వచ్చి, క్రమంగా అది లిగమెంటుగా మారుతుందని, ఆ మార్పు జరిగే తొలి మూడు నెలలలో దాని గట్టిదనం తగ్గుతుందని కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. రోగికి హాయిగా అనిపించే కాలమూ, లిగమెంటు అతి బలహీనంగా ఉండే కాలమూ ఒకటే కావడం వల్లనే చాలామంది తొందరపడి మళ్ళీ గాయపడతారట. 2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనం గురించి కూడా చెప్పారు: మలుపులు, దూకుళ్ళు ఉండే ఆటలకు తిరిగి వెళ్ళడాన్ని తొమ్మిది నెలల వరకు వాయిదా వేసినకొద్దీ, ఒక్కొక్క నెలకు మళ్ళీ గాయపడే రేటు సుమారు సగం చొప్పున తగ్గిందట. నాది తిన్నగా సాగే పరుగే కదా అని వాదించాను. ‘‘మీరే లెక్క వేయండి సార్’’ అన్నారు. నిమిషానికి 170 అడుగుల చొప్పున నాలుగు గంటలంటే నలభై వేలకు పైగా అడుగులు. అందులో సగం ఈ కాలి మీద. ప్రతి అడుగుకూ నేల నుంచి వచ్చే తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లు. నేను ఫోను మూసేశాను.

ఈ కేంద్రాన్ని నేను సిఫారసు చేయడానికి ముఖ్య కారణం ఇక్కడే ఉంది. వారు నాకు ఏ రోజూ తేదీ చెప్పలేదు, కొలత చెప్పారు. నాకు తెలిసిన ఇద్దరు పరుగువారు వేరే చోట్ల చికిత్స చేయించుకున్నప్పుడు ‘మూడు నెలలు దాటింది, ఇక పరిగెత్తవచ్చు’ అన్న మాటతోనే బయటికి వచ్చారు; వారి తొడ బలాన్ని ఎవరూ కొలవలేదు. ఇక్కడ కాలిని బెల్టుతో బల్లకు కట్టి, చేతిలో ఇమిడే డైనమోమీటరుతో రెండు కాళ్ళ బలాన్నీ విడివిడిగా కొలిచారు. పద్నాలుగో వారంలో నా కుడి తొడ ముందు కండరం ఎడమదానితో పోలిస్తే 62 శాతమే ఉంది. ఎడమ కాలి మీద ఇరవైసార్లు కూర్చుని లేచిన నేను, కుడికాలి మీద ఏడోసారికే మోకాలు లోపలికి వాలిపోవడం అద్దంలో చూశాను. నొప్పి లేదు, కానీ బలమూ లేదు. ఆ అంకె చూడకపోతే నేను ఆ వారమే పరుగు మొదలుపెట్టేవాణ్ణి. పెద్ద నగరాల క్రీడా వైద్య కేంద్రాలలో ఉండే ఐసోకైనెటిక్ యంత్రం, అంటే కాలిని ఒకే వేగంతో కదిలిస్తూ బలం కొలిచేది, ఇక్కడ లేదు. అయినా ఒకే మనిషి, ఒకే పరికరంతో, ఒకే పద్ధతిలో నెల నెలా కొలిచినందువల్ల మార్పు స్పష్టంగా కనబడింది.

పందొమ్మిదో వారంలో అంకె 78కి చేరింది, వాపు లేదు, మోకాలు పూర్తిగా తిన్నబడుతోంది. అప్పుడు పరుగుకు అనుమతి దొరికింది: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చెట్ల నీడనున్న రోడ్డు మీద ఆ మొదటి నిమిషం పరిగెత్తినప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరునాటి ఉదయం మోకాలిలో వాపు వచ్చిందో లేదో చూసుకోవడం, వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్ళడం, రాకపోతేనే ముందుకు సాగడం: ఇదొక్కటే నియమం. మూడు నెలల సైకిలు వల్ల నా దమ్ము త్వరగానే తిరిగి వచ్చింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గుండె, ఊపిరితిత్తులు వారాలలో కోలుకుంటాయి. టెండన్లకు, ఎముకకు నెలలు పడుతుంది. దమ్ము ఉంది కదా అని కాలు సాగినంత దూరం వెళ్ళాలనిపించే ప్రతిరోజూ నన్ను నేను ఆపుకోవలసి వచ్చింది.

ఈ దశలో కేంద్రం నాకు సరిపోలేదు. ఆటగాళ్ళు, పెద్దవయసువారు, ప్రమాదాలలో గాయపడినవారు వారికి బాగా తెలుసు. వారానికి యాభై కిలోమీటర్లు పరిగెత్తే మనిషి అవసరాలు తెలియవు. వారం మొత్తం దూరం ఎలా పెంచాలి, పెద్ద పరుగు తరువాత ఎన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలి, బరువుల వ్యాయామం ఏ రోజున పెట్టాలి అని అడిగితే ‘నెమ్మదిగా పెంచండి’ అన్న మాట తప్ప వివరం దొరకలేదు. చివరికి ప్రణాళిక నేనే రాసుకుని తీసుకువెళ్తే, ఆవిడ శ్రద్ధగా చదివి రెండు చోట్ల కోత పెట్టారు. ఆ రెండు కోతలూ సరైనవేనని తరువాత అర్థమైంది.

ఎనిమిదో నెలలో వారు ఇచ్చిన సలహా తిరుపతిలో తప్ప ఇంకెక్కడా దొరకదు. అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కండి, దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి అన్నారు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ శరీర బరువును ఆపవలసి వస్తుంది, మోకాలి చిప్ప మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లే ఉన్నా అవి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే నిలువుగా సాగుతాయి. అలిపిరి దారిలో 3550 మెట్లున్నా, గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా ఉండి కాళ్ళకు ఊపిరి దొరుకుతుంది. అందుకే ముందు అలిపిరి అన్నారు. మా ఇంట్లో ఆ దారిన చెప్పులు లేకుండా వెళ్ళడం ఆచారం. బూట్లు వేసుకోవాలా అని సంకోచిస్తూ అడిగాను. ‘‘వేగంగా కాదు, నడిచే కదా వెళ్తారు, ఉత్త కాళ్ళతోనే వెళ్ళండి సార్’’ అన్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్ల మీద మోకాళ్ళతో ఎక్కుతున్న భక్తులను చూసి, నా కుడి మోకాలి మీద చేయి వేసుకుని కొంతసేపు నిలబడ్డాను. కేంద్రంలో నా పక్క బల్ల మీద వ్యాయామం చేసే రేణిగుంట పెద్దావిడ, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నావిడ, ‘‘ఒక్కసారి నడిచి కొండెక్కితే చాలు నాయనా’’ అని రోజూ అనేది. ఆవిడకూ నాకూ ఒకే మెట్టు వ్యాయామం. ఆవిడ పీట నాలుగు అంగుళాలు, నాది పన్నెండు.

ఇక లోపాలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రద్దీ ఎక్కువ. ఇద్దరు సహాయకులు పదిమందిని చూస్తారు. రెండుసార్లు నన్ను ఐసు పెట్టి అరగంట మరిచిపోయారు. నొప్పి తగ్గించే ‘కరెంటు’ను అవసరం ఉన్నా లేకున్నా అందరికీ పెట్టి, దానికి విడిగా వంద రూపాయలు రాసే అలవాటు సహాయకులకు ఉంది, నాకు నొప్పి లేదు, వద్దు అని చెబితే మానేశారు, కానీ చెప్పడం తెలియని వారి సంగతి ఏమిటి? ఒక్కొక్క రోజుకు రుసుము నాలుగు వందలు. పది రోజులకు కలిపి కడితే మూడు వేల ఐదు వందలు. తొలి మూడు నెలలు వారానికి మూడు రోజులు, తరువాత ఒకరోజు, తొమ్మిదో నెల నుంచి నెలకొకసారి వెళ్ళాను. ఉదయం ఏడు గంటలకు వెళ్తే ప్రధాన ఫిజియోథెరపిస్టు స్వయంగా చూస్తారు. వీలున్నవారు ఆ వేళనే ఎంచుకోవాలి.

తొమ్మిదో నెల పరీక్షలో తొడ బలం 91 శాతం, ఒంటికాలి గెంతులలో దూరం 93 శాతం వచ్చాయి. ఏడాది నిండిన వారంలో, తెల్లవారకముందే బయలుదేరి, జూపార్కు రోడ్డు మీద 21.1 కిలోమీటర్లు రెండు గంటల ఇరవై నిమిషాలలో పూర్తి చేశాను. పాత వేగానికి అది ఇంకా అరగంట వెనుక. మరునాడు మోకాలు వాచలేదు. ఇప్పుడు మే ఎండల వల్ల నాలుగున్నరకే లేచి పరిగెత్తి, ఆరున్నరకల్లా ఇంటికి చేరుకుంటున్నాను. వచ్చే జనవరి ముంబై మారథాన్‌కు ఫారం నింపే ముందు ఇంకొకసారి కొలిపించుకోవాలి. మెట్లు దిగే పరీక్ష, అంటే అలిపిరి నుంచి ఎక్కి, నడిచే దిగడం, ఇంకా మిగిలే ఉంది. వానలు మొదలయ్యాక, మెట్లు తడిగా లేని రోజు చూసి చేద్దామని ఆవిడ అన్నారు.